ఆరిన నెత్తుటి ఎరుపు

నవంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, బడిపంతులమ్మ సర్మీతె నారబట్ట తాను భుజాన వేసుకుని హెర్మీన ఇంటికి వచ్చింది. బూట్ల బురద గుమ్మంలోనే విదిలించుకుని, తానుని వంటింటి బల్ల మీద ధబ్బున పడేసింది.

"పిన్నీ, కాదనకూడదు. ముందే చెప్తున్నా."

"సంగతేంటో చెప్పకుండా కాదనొద్దంటే ఎలాగే?" అంది హెర్మీన, పొయ్యి మీంచి కాఫీ గిన్నె దించుతూ.

"జెండా! పద్దెనిమిదో తారీఖున మన వీతొలిలో మిల్లు నీళ్ళ టవరు మీద ఎగరేస్తున్నాం. అనుమతి కాగితం కూడా చేతికొచ్చింది. రాజధాని రీగాలో కోట బురుజు మీద మనకన్నా వారం ముందే ఎగురుతుందట. నలభై ఎనిమిదేళ్ళయింది పిన్నీ, మన జెండా పట్టపగలు ఎగిరి!"

హెర్మీన గిన్నెను మళ్ళీ పొయ్యి మీదే పెట్టింది.

"మరి నాతో ఏం పని?"

"నీతో కాక ఎవరితో? దుకాణాల్లో దొరికే ఎర్రబట్టంతా మేడే ఊరేగింపుల ఎరుపే. టమాటా పండు రంగు. దాంతో కుడితే మా మూడో క్లాసు పిల్లలే నవ్వుతారు. మన ఎరుపు ముదురు కదా. ముప్ఫై ఏళ్ళు మిల్లులో అద్దకం మేస్త్రీవి, నువ్వు అద్దకపోతే ఇంకెవరద్దుతారు? రెండు వెడల్పు పట్టీలు ఎరుపు, నడిమిది సన్నంగా తెలుపు. తెలుపు ఎలాగూ నార రంగే."

"జెల్మనడిగారా?"

"అడక్కుండానా? ఆవిడ చేతులు చూశావుగా, వేళ్ళు వంకర్లు పోయాయి. అద్దలేనంది. ఎగరెయ్యడానికి మాత్రం ఒప్పుకుంది. ఆవిడ కాక ఎగరేసే హక్కు ఎవరికుంది? దీనికోసమేగా ఏడేళ్ళు జైల్లో మగ్గింది." సర్మీతె తలగుడ్డ విప్పి దులిపింది. "ఆవిణ్ణి పట్టించిన ఆ ఎయిజెన్స్ బతికుంటే బాగుండేది. ఆ రోజు మొహం ఎక్కడ పెట్టుకునేవాడో చూడాలని నాకు మహా కోరిక."

చెప్పడానికి ఇంతకన్నా మంచి అదను రాదని హెర్మీనకు తెలుసు. నోరు తెరిచింది కూడా.

"పంచదార వేసుకుంటావా?" అంది.

* * *

సర్మీతె పుట్టకముందు సంగతి అది. పంతొమ్మిది వందల అరవై ఒకటి. వీతొలి అవిసెనార మిల్లులో అద్దకపు గదికి హెర్మీన మేస్త్రీ, జెల్మ ఆమె కింద పనిచేసే కార్మికురాలు. హెర్మీనకు ముప్ఫై ఒకటి, జెల్మకు ఇరవై ఎనిమిది. జెల్మ ఆమెను నోరారా "అక్కా" అని పిలిచేది. ఇద్దరూ ఒకే బల్ల మీద రొట్టె విప్పుకునేవారు. జెల్మకూ మిల్లు ఎలక్ట్రీషియన్ ఎయిజెన్స్‌కూ వచ్చే వేసవికి పెళ్ళి అనుకున్నారు. పెళ్ళికి నార దుప్పట్లు తానే అద్దిపెడతానని హెర్మీన మాట కూడా ఇచ్చింది.

జెల్మకు రంగు పట్టే కన్ను ఉండేది. హెర్మీన తూకం వేసి, చీటీ రాసి, మూడుసార్లు సరిచూసి తెచ్చే రంగుని జెల్మ తొట్టెలోకి ఒక్కసారి తొంగిచూసి తెచ్చేసేది. ఆ నవంబరులోనే డైరెక్టరు అందరి ముందూ, "జెల్మకున్న కన్ను ఈ మిల్లులో ఇంకొకరికి లేదు, రీగాకి పైచదువుకి పంపుతాం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. హెర్మీన కూడా కొట్టింది. ఆ రాత్రి ఆమెకు తిండి సయించలేదు.

పద్దెనిమిదో తారీఖు పొద్దున మొదటి షిఫ్టుకు వచ్చినవాళ్ళకు నీళ్ళ టవరు కొసన ఎరుపు, తెలుపు, ఎరుపు కనిపించింది. ఆ తారీఖున ఒకప్పుడు దేశం పుట్టింది. ఆ తారీఖు పేరెత్తడమే నేరమైన రోజులవి. ఎవరూ ఏమీ అనలేదు. గేటు దాకా మాత్రం అందరూ రోజూకంటే మెల్లగా నడిచారు.

పది గంటలకల్లా దాన్ని దించేశారు. పదకొండు గంటలకు జలుబు చేసిన ఒక అధికారి దాన్ని చంకలో పెట్టుకుని అద్దకపు గదికి వచ్చాడు. ఆ వేళకు జెల్మ నూలు గోదాములో ఉంది. ఆయన జెండాను బల్ల మీద పరిచి, ముక్కు తుడుచుకున్నాడు. మర్యాదస్థుడు, గొంతు కూడా పెంచలేదు.

"పాతకాలందేమో అనుకుంటున్నాం. ఎవరో అటక మీద దాచి ఉంటారు. అలాంటివి ఇంటికొకటి ఉంటాయి, ఎవరిదని పట్టుకుంటాం? రంగుల సంగతి మీకు తెలుసు కదా. మీరేమంటారు?"

"అవునండీ, పాతదే" అంటే సరిపోయేది. ఆయన కూడా అదే వినాలనుకుని వచ్చాడు. జలుబు మీదున్నాడు, ఇంటికి పోయి పడుకునేవాడు.

హెర్మీన బట్టను చేతిలోకి తీసుకుంది. ఎక్కడా మరక లేదు, చార లేదు. అంచు నుంచి అంచుకు ఒకే ముదురు ఎరుపు. తన పన్నెండేళ్ళ పనిలో అలాంటి అద్దకం ఒక్కటి కూడా దించలేదు. ఎవరి చేయో చూడగానే తెలిసిపోయింది. ఆ క్షణంలో తనకు కలిగింది భయమా, అసూయా, లేక నాకూ తెలుసు అని చూపించుకోవాలన్న దుగ్ధా అని ఆమె తర్వాత ఎన్ని వందలసార్లు తరచి చూసుకున్నదో లెక్కలేదు.

బట్ట అంచు నాలుకకు ఆనించింది.

"పాతది కాదండీ. కొత్త అద్దకం. ఉప్పు ఇంకా పూర్తిగా వదల్లేదు. ఎరుపులో గోధుమరంగు కలిపి, మీద నలుపు చుక్క వేశారు. నా పని కాదిది."

"మరెవరిది?"

హెర్మీన బట్టను బల్ల మీద పెట్టింది. గోడకు యాప్రాన్లు తగిలించే కొక్కేలు రెండే ఉన్నాయి. ఒకటి ఖాళీ, ఎందుకంటే ఆ యాప్రాన్ ఆమె ఒంటి మీద ఉంది. ఆమె చూపు జెల్మ యాప్రాన్ వేలాడుతున్న రెండో కొక్కెం మీదికి పోయింది. ఆయన చూపు దాని వెంటే వెళ్ళింది.

"చాలా థాంక్సండీ," అన్నాడాయన. బట్టను మడతలు కలిపి నాలుగు పొరలుగా మడిచి తీసుకువెళ్ళాడు.

జెల్మను ఆ సాయంత్రమే పట్టుకెళ్ళారు. టవరు తాళం ఎయిజెన్స్ దగ్గర ఉండేది కాబట్టి అతన్నీ తీసుకెళ్ళారు. తాళం తానే దొంగిలించానని జెల్మ ఒక్క మాట మీద నిలబడింది. మూడో రోజున అతన్ని వదిలేశారు. ఊరికి అంతకన్నా ఏం కావాలి? తాళమిచ్చినవాడు ఇంటికొచ్చాడు, జెండా కట్టినది ఎక్కడో దూరాన మోర్దొవియా జైలుకు పోయింది. మధ్యలో ఏం జరిగిందో ఊహించడానికి ఎవరికీ పెద్ద తెలివి అక్కర్లేకపోయింది.

ఎయిజెన్స్ ఏడేళ్ళు పెళ్ళి మాటెత్తకుండా కాచుకున్నాడు. జెల్మ తిరిగొచ్చిన రోజు బస్టాండులో పూలు పట్టుకుని నిలబడ్డాడు. హెర్మీన రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడి అంతా చూసింది. జెల్మ బస్సు దిగి, అతని వైపు ఒకసారి చూసి, పక్కనుంచి నడిచిపోయింది. అతను ఆ తర్వాత పదిహేడేళ్ళు ఆ ఊళ్ళోనే ఒంటరిగా బతికి, మూడేళ్ళ కిందట ఒక చలికాలంలో పోయాడు.

నేను పేరు చెప్పలేదు. ఈ ఒక్క మాటతోనే హెర్మీన ఇరవై ఏడేళ్ళు నెట్టుకొచ్చింది. పేరు చెప్పమని అడిగాడు, నేను చెప్పలేదు.

* * *

మిల్లువాళ్ళు ఆమెకోసం చిన్న తొట్టె ఒకటి ఖాళీ చేసి ఇచ్చారు. మొదటిసారి తీస్తే ఎరుపు మరీ కేకలు పెట్టింది. రెండోసారి ఇటుక రంగుకు తిరిగింది. మూడోసారి రంగు దగ్గరగానే వచ్చింది గానీ బట్ట నిండా మచ్చలు. పంతొమ్మిదేళ్ళ పిల్లలు చేసే తప్పది. ఉప్పు తొందరపడి పోసింది.

మిగిలిన బట్ట ఒక్కసారికే వస్తుంది. తారీఖు చూస్తే పద్నాలుగు. హెర్మీన కోటు తొడుక్కుని జెల్మ ఇంటికి నడిచింది. రంగు పాళ్ళు అడగడానికే వెళ్తున్నానని దారి పొడుగునా తనకు తాను చెప్పుకుంది.

జెల్మ సమష్టి పొలంవాళ్ళు కట్టిన వరస ఇళ్ళలో ఒక్క గదిలో ఉండేది. జైలు నుంచి వచ్చాక మిల్లులోకి రానివ్వకపోతే, ఆ పొలం కొట్టంలో ఆవుల పాలు పితికి బతికింది. తలుపు తీసి, "అక్కా! రా, రా. వానంతా మొహాన కొట్టించుకుని వచ్చావే," అని కోటు తనే అందుకుంది. సోంపు టీ కాచింది. మచ్చలు పడ్డ ముక్కను కిటికీ దగ్గర పట్టుకుని చూసి పకపకా నవ్వింది.

"ఇదేంటక్కా, ఆవుదూడకి పొడ వచ్చినట్టుంది! నీ చేతి పనేనా?"

"నాకు రాదే ఆ ఎరుపు."

"రాకేం. నువ్వు జెండా అని అద్దుతున్నావు. జెండా అనుకోకు. మా నానమ్మ చెప్పేది గుర్తులేదా? యుద్ధంలో దెబ్బతిన్న నాయకుణ్ణి తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. ఆయన ఒళ్ళు ఆనిన నడిమి చోటంతా తెల్లగా ఉండిపోయింది, రెండు పక్కలా నెత్తురు ఇంకింది. మర్నాడు ఆ దుప్పటినే కర్రకి కట్టి యుద్ధానికి పోయారు. మర్నాడక్కా! అంటే అది కొత్త నెత్తురు రంగు కాదు. ఆరిన నెత్తురు రంగు. గోధుమరంగు అందుకే." జెల్మ వంకర వేళ్ళతో పాళ్ళు లెక్కపెట్టి చెప్పింది. తర్వాత గ్లాసు చేతిలో తిప్పుతూ కిటికీలోకి చూసింది. "పద్దెనిమిదో తారీఖు దగ్గర పడుతుంటే వాడే గుర్తొస్తున్నాడు. ఎయిజెన్స్. ఒక్క మాట అడగాలనుకునేదాన్ని. ఎందుకు చెప్పావురా అని. అడిగేలోపే పోయాడు. అడక్కుండా నేనే పంతం పట్టుకు కూర్చున్నా."

హెర్మీన గ్లాసు బల్ల మీద పెట్టింది.

"వాడు చెప్పలేదే."

"ఏంటి?"

"ఎయిజెన్స్ ఏమీ చెప్పలేదు. నేను చెప్పాను. ఆ వచ్చిన అధికారి పాతదనుకున్నాడు. నేనే కొత్త అద్దకమన్నాను. నా పని కాదన్నాను. మరెవరిదంటే నీ కొక్కెం వైపు చూశాను. పేరు..." ఇన్నేళ్ళూ కాపాడిన మాట ఆ గదిలో పైకి అనడానికి నోరు రాలేదు.

జెల్మ కిటికీ నుంచి ఇటు తిరిగింది.

"వాడు కాదా?"

"కాదు."

"ఒక్క ముక్క కూడా చెప్పలేదా?"

"లేదు. నాకే తెలుసు."

"పూలు పట్టుకు నించున్నాడు," అంది జెల్మ. "చలికి ఆ పూలు నల్లబడిపోయాయి. వాటివంకే చూశాను నేను. వాడివంక సరిగ్గా చూడను కూడా లేదు." ఆమె లేచి, ఆరడానికి వేసిన హెర్మీన కోటు తీసి చేతికిచ్చింది. "మీరు వెళ్ళండి."

ముప్ఫై ఏళ్ళ పరిచయంలో జెల్మ ఆమెను 'మీరు' అనడం అదే మొదలు. తిట్టినా హెర్మీనకు ఇంత దెబ్బ తగిలేది కాదు.

* * *

మర్నాడు పొద్దున హెర్మీన అద్దకపు గది తలుపు తీసేసరికి జెల్మ బయట నిలబడి ఉంది. మిల్లు గడప ఇరవై ఏడేళ్ళ తర్వాత తొక్కడం. చుట్టూ చూడలేదు, నేరుగా తొట్టె దగ్గరకు పోయింది.

"మీరు ఉప్పు తూచండి. రంగు నేను చూస్తాను," అంది.

ఆ రోజంతా ఇద్దరూ ఒక తొట్టెకు అటూ ఇటూ నిలబడి పనిచేశారు. వేడి చాలు, ఇంకాస్త, తిప్పండి, ఆపండి. అంతకుమించి మాటల్లేవు. జెల్మ కర్ర పట్టలేక పట్టు జారినప్పుడల్లా హెర్మీన అందుకుంది. బట్ట ఎత్తి, చన్నీళ్ళలో జాడించి, కిటికీ ముందు తాడు మీద వేశారు. తడి ఆరుతున్నకొద్దీ ఎరుపు లోపలికి దిగి స్థిరపడింది. మచ్చ లేదు.

జెల్మ దాని ముందు నిలబడి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఆ వేళది ఇలాగే ఉందా?"

"ఏది?"

"నేను కట్టింది. రాత్రిపూట మా ఇంటి చావిట్లో దీపం ముందు అద్దాను, చీకట్లో కట్టాను. తెల్లారకముందే గోదాములోకి పోయాను, నేను అక్కడుండగానే దించేశారు. వెలుతుర్లో నేను దాన్ని చూడనేలేదు. మీరు చూశారు కదా. చేత్తో పట్టుకున్నారు."

హెర్మీన తాడు మీది బట్టవంక చూసింది.

"దీనికంటే బాగుంది," అంది. "అలాంటిది నా చేత ఎప్పుడూ కాలేదు. అందుకే ఆ మాటన్నాను, జెల్మా. భయంతో కాదు."

జెల్మ తల ఊపింది. చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఎయిజెన్స్ చెల్లెలుంది. లూసియ. ముందు ఆవిడకి చెప్పండి. తర్వాత ఊరికి. అప్పటిదాకా నేను ఆ జెండా తాడు ముట్టుకోను."

* * *

లూసియ వంటింట్లో పీపాలో ఊరవెయ్యడానికి క్యాబేజీ తరుగుతోంది. హెర్మీన చెబుతున్నంతసేపూ కత్తిపీట ఆగలేదు. చెప్పడం అయ్యాక కూడా ఇంకో రెండు గడ్డలు తరిగి, ఉప్పు చల్లి, అప్పుడు చెయ్యి కడుక్కుంది.

"అన్నను సమాధి చేసినప్పుడు తొమ్మిది మందే వచ్చారు. నువ్వొచ్చావు. నాకు బాగా గుర్తు, పచ్చ కండువా కప్పుకున్నావు. అబ్బ, ఈవిడెంత మంచిదీ అనుకున్నా. ఎవరేమనుకుంటారోనని లేకుండా వచ్చింది అనుకున్నా. ఎందుకొచ్చావు?"

"తెలీదు."

"నాకు తెలుసులే. మట్టి పడిందో లేదో చూసుకోవడానికొచ్చావు." లూసియ గొంతు ఏమీ మారలేదు. "మా వాణ్ణి బళ్ళో పట్టించినోడి మేనల్లుడని పిలిచేవాళ్ళు. ఏడుస్తూ వస్తే అన్న వాడికి గాలిపటం కట్టిచ్చేవాడు. నేనేం చేశానే వీళ్ళకి అని పోయేముందు రోజు నన్నడిగాడు. నేనేం చెప్పానో తెలుసా? నిజం చెప్పురా, నాకన్నా చెప్పు, ఏమైనా వాగావా అని అడిగాను. చచ్చిపోయేవాణ్ణి పట్టుకుని నేనే అడిగాను!"

లూసియ తడి చేతులు గుడ్డకు తుడుచుకుంది.

"ఇక్కడ నాకు చెప్పడం తేలికే. మనిద్దరమే ఉన్నాం. పద్దెనిమిదిన క్లబ్బు హాలు సభలో చెప్పు. నేను చివరి వరసలోనే కూర్చుంటా, మాకెప్పుడూ అక్కడే చోటు. అక్కడిదాకా వినబడేలా చెప్పు."

* * *

పద్దెనిమిదో తారీఖున క్లబ్బు హాలు కిటకిటలాడింది. సర్మీతె పూనకం వచ్చినట్టు మాట్లాడింది. సేసిస్ ఊరి యోధులు తెల్ల చార ఉన్న ఎర్ర జెండాతో వచ్చారని ఏడువందల ఏళ్ళనాటి రాతల్లోనే ఉందని చెప్పింది, తెలుపంటే న్యాయం అంది, ఎరుపంటే దానికోసం చిందిన నెత్తురంది. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. ఆ తర్వాత, "ఈ రంగు అద్దిన మన హెర్మీన పిన్ని రెండు మాటలు చెబుతుంది," అని చప్పట్లు కొట్టింది.

హెర్మీన చప్పట్లు ఆగేదాకా ఆగి చెప్పింది. నాలుగైదు మాటల్లో అయిపోయింది. రంగు అద్దింది జెల్మ అని చెప్పింది. అరవై ఒకటిలో జెల్మను పట్టించింది తానని చెప్పింది. ఎయిజెన్స్ ఎవరికీ ఏమీ చెప్పలేదని, అది చివరి వరస దాకా వినబడాలని రెండుసార్లు చెప్పింది.

తర్వాత మిల్లు పాత కాపలాదారు లేచి, "నా చేతి రొట్టె తిన్నావే, సిగ్గులేనిదానా! ఆ మనిషికి నేను పదిహేడేళ్ళు నమస్కారం కూడా పెట్టలేదు, నీవల్ల!" అని అరిచాడు. అరిచి, వెనక్కి తిరిగి లూసియను చూసి, కూలబడ్డట్టు కూర్చున్నాడు. హాల్లో చాలామంది తలలు దించుకున్నారు. నమస్కారం మానేసింది అతనొక్కడే కాదు. సర్మీతె హెర్మీనవంక నమ్మలేనట్టు చూస్తూ ఉండిపోయింది.

జెల్మ లేచి చివరి వరసకు నడిచి, లూసియ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి బయటకు, టవరు దగ్గరకు పోయారు. జనం వెనకాలే పోయారు. తాడు లాగడానికి జెల్మ వేళ్ళకు బలం చాలక లూసియ కూడా చెయ్యి వేసింది. హెర్మీన హాలు గుమ్మంలోంచే చూసింది. జెండా మొదట కర్రకు చుట్టుకుని, గాలి తగిలాక విప్పుకుంది. జనం పాడుతుంటే ఆమె పెదవులు కూడా కదిలాయి గానీ గొంతు కలపడానికి ధైర్యం చాలలేదు.

చెప్పేస్తే బరువు దిగుతుందని ఆమె లోలోపల అనుకుంది. దిగలేదు. ఇంతకుముందు తానొక్కతే మోసినది ఇప్పుడు రొట్టెల దుకాణంలో, బస్సులో, చర్చిలో ఎదురవసాగింది. పలకరించేవాళ్ళు తగ్గారు. సర్మీతె నెలన్నర దాకా గడప తొక్కలేదు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ జెండాలు కావాలనడంతో చివరకు వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "హెర్మీనగారూ, ఉప్పు తూచడానికి మనిషి కావాలట. జెల్మత్త చెప్పమంది," అని వెళ్ళిపోయింది. హెర్మీన వెళ్ళింది. చలికాలమంతా ఆ తొట్టె దగ్గర, ఆ 'మీరు' మధ్యనే పనిచేసింది.

మంచు కరిగాక ఒక ఆదివారం శ్మశానానికి వెళ్ళింది. ఎయిజెన్స్ సమాధి దగ్గర జెల్మ వంగి, అక్కడి ఆచారం ప్రకారం, సమాధి చుట్టూ పోసిన ఇసుకను దంతెతో గీతలు గీతలుగా దువ్వుతోంది. లూసియ మొక్కలు నాటుతోంది. దువ్విన ఇసుక మీద అడుగు పడుతుందని హెర్మీన కంచె ఇవతలే ఆగిపోయింది. వెనక్కి తిరిగి పోదామా అనుకుంటుండగా లూసియ తలెత్తి చూసింది.

"అక్కడ ఊరికే నించునే బదులు," అంది, "ఆ డబ్బా తీసుకుపోయి బావి దగ్గర నీళ్ళు పట్టుకురా."

హెర్మీన డబ్బా తీసుకుంది. బావి దూరం, దేవదారు చెట్ల అవతల. నిండా పట్టి, ఒలక్కుండా మెల్లగా మోసుకొచ్చి కంచె పక్కన పెట్టింది. లూసియ ఖాళీ చేసి మళ్ళీ ఇచ్చింది. ఆ పూట ఆమె నాలుగుసార్లు నీళ్ళు తెచ్చింది.